కిటికీకి అడ్డమున్న కరపత్రాలు

ఏమండీ, మా అమ్మను తీసుకొని సూర్యాపేట దవాఖానకు పోతున్న. అన్నం, పప్పు పొయ్యి గట్టు మీద ఉన్నయి.

నేను వచ్చేసరికి పడకగదిలున్న కరపత్రాల కట్టలు, జెండా కర్రలు తీసేయించండి. లేడీస్ సీటని మీరు నన్ను సర్పంచికి నిలబెట్టిన్రు, ఓడిపోయిన. రెండేండ్లయింది. మళ్ళ పనికొస్తయని అన్నీ కిటికీకి అడ్డం పేర్చిన్రు. అప్పటిసంది ఆ గదిల నాకు ఊపిరాడుతలేదు. కట్టలన్నీ మిర్చిబజ్జీల బండాయనకు ఇచ్చేయండి. ఊరంత నా ముఖం మీద బజ్జీలు పెట్టుకొని తిన్నా నాకు నామోషీ లేదు. కిటికీ తెరుచుకుంటే చాలు.

సుగుణ

ఇంట్ల వేరే కాయితం లేక ఈ చీటీ కూడా కరపత్రం వెనకనే రాసిన. ఒకసారి తిప్పి సూడండి. ఫోటోల దండమైతే పెట్టిన గానీ నవ్వుతలేను. పోటీ చేస్తవా అని ఆనాడు మీరు నన్ను అడగనే లేదు.