నున్నటి వీపు సొరలు

ఫిబ్రవరి 11, మంగళవారం

అక్కకు,

నమస్కారాలు. మేమంతా క్షేమం. నీ క్షేమం పేపర్లలో చూసి తెలుసుకుంటూనే ఉన్నాను.

ఆరేళ్ల తర్వాత ఈ ఉత్తరమేమిటనుకుంటావు. వచ్చే వారం మ్యూజియం పత్రికలో నా వ్యాసం వస్తోంది. పరాయివాళ్ల నోట వినేకన్నా తోడబుట్టినదాని ద్వారా తెలియడం మర్యాద కదా.

ఏంజెల్ సొరలు గుర్తున్నాయిగా, పళ్లెంలా చదునుగా ఇసుకలో దాక్కునేవి. రేవు నుంచి వచ్చిన పెట్టెలు విప్పి, ఫార్మలిన్ వాసనకు కళ్లు మండుతుంటే రెండేళ్లపాటు నూట నలభై చేపలు కొలిచింది నేను. అందులో రెండు జాతులున్నాయని పసిగట్టిందీ నేనే. వీపు మధ్య ముళ్ల వరుస ఉన్నది ఒకటి, వీపు నున్నగా ఉన్నది ఇంకొకటి అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. నువ్వు ఆ పుస్తకం పట్టుకెళ్లి నీ పేరున వ్యాసం రాసుకున్నావు. అడిగితే, కొలతలు తీసే చేతికి పేరెందుకే అన్నావు. నాలుగు గోడల మధ్య అని ఉంటే మింగేసేదాన్ని. మ్యూజియం గుమాస్తాల ముందు, ఊడ్చే ఆయమ్మ ముందు అన్నావు. ఆవిడే నాకు మంచినీళ్లిచ్చింది.

అక్కా, రెండు జాతులున్న మాట నిజం. నువ్వు గీత గీసిన చోటే తప్పు. ఆ ముళ్లు పిల్లప్పుడే ఉంటాయి, పెరిగేకొద్దీ అరిగి మాయమవుతాయి. తల్లినీ బిడ్డనీ విడదీసి రెండు జాతులన్నావు. అసలు తేడా ముక్కు దగ్గర వేలాడే మీసాల్లో ఉంది. ఒక జాతికి నున్నగా, రెండోదానికి కొసన కుచ్చులా ఉంటాయి. నా వ్యాసమంతా అదే. ఇక నీ పేరెత్తితే జనం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నా కడుపు చల్లబడింది.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఇది రాయకుండానే కవరు అంటించేద్దామనుకున్నాను. అచ్చుకు పంపేముందు నువ్వు ఫోన్ చేశావు, ముళ్ల సంగతి ఖాయమేనా, ఇంకోసారి చూసి చెప్పవే అని. అంతకు వారం ముందే ఒక నున్నటి వీపు తల్లిని కోశాను. కడుపులో పిల్లలకు ముళ్లు మొలుస్తున్నాయి. అయినా ఖాయమే అన్నాను. నువ్వు డైరెక్టరు కుర్చీ ఎక్కేదాకా ఆగాను, ఎత్తు నుంచి పడితేనే గదా దెబ్బ. ఈలోగా నీ వ్యాసం చూసి అధికారులు ముళ్లున్నవి అరుదైన జాతి అనుకుని వాటిని పట్టొద్దన్నారు, నున్నటివాటిని పట్టుకోమన్నారు. ఆరేళ్లుగా వలల్లో పడ్డవన్నీ తల్లులే. ఈ ఏడాది మూడే వచ్చాయి. వాటినీ నేనే కొలిచాను.