జీపు ముక్కు, జీపు నోరు

పూజ్యులు అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరూ, మామయ్యగారూ, మీ వైద్యంలో ఉన్న పశువులూ కులాసా అని తలుస్తాను.

కిందటిసారి వచ్చినప్పుడు, మట్టిదారుల్లో జీపు ఆయాసపడి ఆగిపోతోందనీ, పశువు దగ్గరికి సమయానికి చేరలేకపోతున్నాననీ బాధపడ్డారు. ఆ మాట నా బుర్ర తొలిచేస్తోంది. మా కార్ఖానాలో జీపులకి నమూనాలు గీసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఆ పాపంలో నాకూ వాటా ఉంది. లోపం ఇప్పటికి పట్టుకున్నాను. జీపు గాలి పీల్చుకునే చోటు ముందుచక్రం వెనకాలే ఉంది. చక్రం లేపిన దుమ్మంతా తిన్నగా అందులోకే పోతోంది.

అందుకని కొత్త ఏర్పాటు తయారుచేసి పార్సిలు పంపుతున్నాను. పొడుగాటి గొట్టం జీపు టాపు ఎత్తున గాలి పీలుస్తుంది. ఆ గాలి ఒక డబ్బాలో గిర్రున తిరిగేసరికి బరువైన దుమ్ము అంచులకి కొట్టుకుని అడుక్కి జారుతుంది. మిగిలిన సన్నదుమ్ముని మడతల కాగితం ఫిల్టరు పట్టుకుంటుంది. దాని లోపల కాపలాకి ఇంకో చిన్న ఫిల్టరు. మెకానిక్కు చేత బిగించుకుని, నెల తిరిగాక కాగితం ఫిల్టరు ఊడదీసి ఉన్నదున్నట్టు నాకు పంపండి. దాని స్థానంలో పెట్టడానికి ఇంకొకటి పార్సిల్లోనే ఉంది. ఇది నెగ్గితే ఇకమీదట వచ్చే జీపులన్నిటికీ ఇదే. లేదంటే మా మీసాల సారు గీసిందే ఖాయం. ఆయన గీసింది పాత ఫిల్టరే, కాస్త లావు చేశారు.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క.: "మా అమ్మని మురికి వస్తువు పంపమంటున్నారా? చుట్టాలొస్తే వాళ్ళ చెప్పులు కూడా కడిగిపెడుతుంది ఆవిడ" అని మీ అమ్మాయి పడీ పడీ నవ్వుతోంది. ఎందుకో అర్థం కాలేదు.

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. పార్సిలు చేరింది. మెకానిక్కు ఒక పూటంతా తల గోక్కుని ఎలాగో బిగించాడు. గొట్టం పెట్టాక జీపు తొండమెత్తిన ఏనుగులా తయారైంది. మొదటిరోజు దాన్ని చూసి నా పేషెంట్లు కట్లు తెంపుకుని పారిపోయాయి. ఇప్పుడు అలవాటుపడ్డాయి. బండి మాత్రం ఈ నెలంతా ఒక్కసారి దగ్గలేదు. మీ చేతిలో ఏదో ఉంది బాబూ.

ఒక్కటే లోపం. చెప్పక తప్పదు. డబ్బా అడుగున రబ్బరు చీలి ఉంది. అందులోంచి దుమ్ము రాలుతోంది. హడావుడిలో మీరు చూసుకోలేదు కాబోలు. మెకానిక్కు జిగురు పూస్తానన్నాడు. నేనుండగా జిగురెందుకు? గేదెలకి కుట్లు వేసే సూదీ దారం తెచ్చి స్వయంగా కుట్టేశాను. ఇక ఒక్క రేణువు బయటికి రాదు.

కాగితం ఫిల్టరు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. ఊడదీస్తే ఏమి మురికి, ఏమి మురికి! అల్లుడికి అలాంటి వస్తువు పంపితే నలుగురూ నన్నేమనుకుంటారు? సబ్బునీళ్ళలో నానబెట్టి, మెత్తగా పిండి, ఎండలో ఆరేశాను. ముడతలుగా ఉంటే ఇస్త్రీకి కూడా ఇచ్చాను. మల్లెపువ్వులా ఉంది చూసుకోండి.

ఇట్లు,
మీ మేలు కోరే అత్తయ్య

తా.క.: ఆ ముడతలు ఒక పట్టాన పోలేదు. మా ఇస్త్రీ అతను బొగ్గులు రెండుసార్లు మార్చాల్సొచ్చింది. ఈసారి ముడతలు పడని కాగితం వాడండి.

*

(పోస్టుకార్డు)

అత్తయ్యగారికి,

వివరంగా ఉత్తరం వెనకాల రాస్తాను. ఈలోగా వెంటనే నోరు విప్పండి. ముక్కు ఎదురుగాలికి పెట్టకండి, వెనక్కి తిప్పండి. కడగడం, తుడవడం పూర్తిగా మానేయండి. ఇది నా భవిష్యత్తుకి సంబంధించిన విషయం.

అల్లుడు

*

గౌరవనీయులైన అల్లుడుగారికి,

తమరి కార్డు అందింది. పోస్టుమాన్ నా చేతికిచ్చే ముందే చదివాడని అతని మొహం చూస్తేనే తెలిసింది. "ఒంట్లో బాగుంటోందా అమ్మా?" అని పరామర్శించి వెళ్ళాడు.

నోరు విప్పమన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అన్నవాళ్ళు లేరు. మీ మామయ్యగారు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా ఎంత విప్పాలట?" అని అడిగారు. ఆయనకి ఆ పూట భోజనం ఆలస్యమైంది. ముక్కు వెనక్కి తిప్పుకోమన్నారు. ఆ వైద్యం నేను పశువులకి కూడా చేయలేదు. ఇక స్నానం మానేయడానికీ మీ భవిష్యత్తుకీ ఏమిటి సంబంధమో మా అమ్మాయినే అడిగి తెలుసుకుంటాను.

అసలే నా బాధల్లో నేనున్నాను. నిన్న మీ డబ్బా నిండిపోయి, జీపు ఎగశ్వాసపడి, నడిదారిలో చతికిలబడింది. జీపు ఆగింది గానీ ఈనే ఆవు ఆగదు కదా! ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని, మందుల పెట్టె వెనక కట్టుకుని తొక్కుకుంటూ వెళ్ళాను. ఆవు బతికింది. నా మోకాళ్ళ సంగతి ఇంకా తేలలేదు.

ఇట్లు,
నోరు విప్పిన అత్తగారు

తా.క.: స్నానం మానను.

*

పూజ్యులు అత్తయ్యగారికి,

సాష్టాంగ నమస్కారాలు. కొంప ముంచింది నా కార్డే. ముక్కు అంటే గొట్టం పైచివర ఉన్న మూతి. ముందు బండి లేపిన దుమ్ము మింగకుండా దాన్ని వెనక్కి తిప్పాలి. నోరు అంటే మీరు కుట్టేసిన రబ్బరు. అది చిరగలేదు, అదే దాని పుట్టుక. పోగైన దుమ్ముని ఉమ్మేయడానికి పెట్టాను. దాన్ని గురించి మొదటి ఉత్తరంలోనే రాయకపోవడం నా బుద్ధిలేనితనం. నోరు కుట్టేసరికి డబ్బా నిండి, ఊపిరాడక జీపు ఆగింది. కడగొద్దన్నది ఫిల్టరుని. మిమ్మల్ని కాదు, మిమ్మల్ని కాదు.

మీరు పంపిన ఫిల్టరు ఇక్కడ పెద్ద గొడవ చేసింది. మీసాల సారు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇదేంటయ్యా, పెళ్ళి చొక్కాలా ఉంది!" అన్నారు. నేను ఉన్నమాట చెప్పేశాను. అప్పటినుంచి అందరూ నన్ను ఇస్త్రీ ఇంజనీరు అంటున్నారు. కానీ విషయం పెద్దసారు దాకా వెళ్ళింది. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "నెలంతా దగ్గలేదన్నారు కదా ఆవిడ! ఆ జీపునే పరీక్షకి తెమ్మను. నేను అందులోనే కూర్చుంటాను" అన్నారు.

వచ్చే ఆదివారం, మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్న రాళ్ళ క్వారీ దారిలో పరీక్ష. మీసాల సారు జీపొకటి, మీదొకటి. గేటు దగ్గర బయల్దేరి కొండ చుట్టూ తిరిగి గేటుకే రావాలి. కొత్త ఫిల్టర్లు పంపుతున్నాను. కుట్లు విప్పి, ఫిల్టర్లు మార్చి, ఇక చేతులు కట్టుకుని కూర్చోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ క్షమాపణ కోరే,
అల్లుడు

తా.క.: కార్డు సంగతి తెలిసినప్పటినుంచి మీ అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. ఇక్కడ కూడా నోరు విప్పమని నేనే బతిమాలుకుంటున్నాను.

*

(కార్ఖానా డ్రైవరు చేతికిచ్చి పంపిన చీటీ)

అత్తయ్యగారికి,

క్వారీ గేటు దగ్గర నిలబడి రాస్తున్నాను. పొద్దు వాలిపోతోంది. మీసాల సారు జీపు కొండ సగం తిరగకుండానే దగ్గి దగ్గి ఆగిపోయింది. ట్రాక్టరుతో లాక్కొచ్చారు. మీసాలు ఏ రంగువో తెలియడం లేదు. మీరు మాత్రం ఇంతవరకు రాలేదు. మీ జీపు దారి వదిలి ఎడమవైపు పల్లంలోకి దిగడం చూశామని క్వారీ కూలీలు అంటున్నారు. అక్కడ మోకాలిలోతు దుమ్మట. వెతకడానికి వెళ్ళినవాళ్ళకి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

నా ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది. తప్పు నాది, మీది కాదు. మీరు క్షేమంగా ఉంటే చాలు. రేపు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాను.

అల్లుడు

తా.క.: మా పెద్దసారుని ఎక్కడైనా దింపి ఉంటే దయచేసి తెలియజేయండి. వాళ్ళావిడ ఇక్కడే ఉన్నారు. అడిగే తీరు ఏమీ బాగాలేదు.

*

చిరంజీవి అల్లుడుగారికి,

శుభాశీస్సులు. కంగారుపడకండి. మీ డ్రైవరు మా ఇంటికి వెళ్తే మీ మామయ్యగారు ఇక్కడికి దారి చెప్పారట. పశువుల పాక దగ్గర కూర్చుని రాస్తున్నాను. చేతులు కడుక్కునే రాస్తున్నాను.

కొండ సగం తిరిగామో లేదో, పక్కనుంచి ఒక పశువుల కాపరి తువ్వాలు ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. ముందు మా ఇంటికి వెళ్తే మీ మామయ్యగారు ఇటు పంపారట. తొలిచూలు ఆవు, దూడ అడ్డం తిరిగిందట. నేను స్టీరింగు తిప్పేశాను.

"ఏవండీ, ఇది పరీక్ష దారి కాదండీ!" అన్నారు మీ పెద్దసారు.

"ఆ సంగతి ఆవుకి తెలియదు కదండీ!" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయి గుక్కెడు దుమ్ము మింగారు. పల్లంలో పిండి జల్లినట్టు దుమ్ము. అద్దం మీద వైపరు ఆడించాను. బానెట్టు కనబడలేదు, పక్కన పెద్దసారూ కనబడలేదు. చెవులు రిక్కించి ఇంజను వింటూ నడిపాను. ఒక్కచోట తడబడుతుందేమో, ఒక్కసారి దగ్గుతుందేమో అని కాచుకునే ఉన్నాను. బాబూ, అది నిద్రపోయే పసిపిల్లలా ఊపిరి తీసుకుంది! అటు గట్టెక్కేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందని చెప్పాను.

మనుషులు చాలకపోతే పెద్దసారుని చొక్కా చేతులు మడవమన్నాను. పాపం, కాదనలేదు. తాడు పొట్టిదైతే ఆయన టై ముడేశాం. లాగు అన్నప్పుడు లాగారు, ఆగు అన్నప్పుడు ఆగారు. మంచి చెయ్యి. దూడ బయటపడి ఊపిరి పీల్చగానే ఆయన నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

అప్పుడు లేచి వెళ్ళి, బానెట్టు ఎత్తి, ఫిల్టరు ఆయనే ఊడదీశారు. బయటి కాగితానికి కాస్త రంగు పట్టింది, అంతే. లోపలి చిన్న ఫిల్టరు తెల్లగానే ఉంది. ఇంజనులోకి పోయే గొట్టంలో రుమాలు పెట్టి తిప్పారు. రుమాలు తెల్లగా బయటికి వచ్చింది. దాన్ని కాపరికి చూపించారు, నాకు చూపించారు, ఆవుకి కూడా చూపించారు. "పరీక్ష దారిలో ఇంత దుమ్ము ఎన్నాళ్ళు తిరిగినా దొరికేది కాదు. వచ్చే నెల నుంచి మన జీపులన్నిటికీ ఇదే. అల్లుడుగారికి ఇప్పుడే రాసి పడేయండి" అన్నారు. నా ఎదురుగానే అన్నారు. గర్వంతో నా తల పాక చూరుకి తగిలింది.

మీ రాజీనామా సంగతి కూడా చెప్పాను. దాన్ని తీసుకోవడానికి చేతులు ఖాళీ లేవట. రెండు చేతులతోనూ దూడని తుడుస్తున్నారు. అది నిలబడి పాలు తాగేదాకా కదలనంటున్నారు. తాగాక నేనే దింపుతాను.

మీ విజయానికి పొంగిపోతున్న,
అత్తయ్య

తా.క.: మీ డ్రైవరు తొందరపడుతుంటే, ఈ ఉత్తరం మీకిచ్చే ముందే పెద్దసారు వాళ్ళావిడకి ఒక కబురు చెప్పమన్నాను. "సారు ఇక్కడే ఉన్నారు, ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం, సారు ఇప్పట్లో వదిలి రారు" అన్నాను. అందులో ఆవు అన్న మాట వేశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మీరు కాస్త పరిగెత్తండి బాబూ.