పక్క సీట్లో బ్యాగు

ఏవండీ,

డ్యూటీ దిగి రాగానే పడుకోకండి. కొత్త కారు తొమ్మిది వందల ఎనభై కిలోమీటర్లు తిరిగింది, వెయ్యి దాటకముందే, ఇవాళే ఆయిల్ మార్పించాలి. మెకానిక్ "ఇంకా బాగానే ఉందండీ" అంటాడు, వినకండి. కొత్త ఇంజన్లో ఇనుప రజను ఆయిల్లోకి దిగుతుందని మీరేగా చెప్పారు! తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. నేను ఇవాళ ఆఫీసుకి బస్సులో పోతున్నాను.

మీరు చెప్పినట్టే స్పీడు మారుస్తూ, ఎక్కడా గట్టిగా తొక్కకుండా, నెల రోజులు గానుగెద్దులా ఊరి చుట్టూ తిప్పాను. ఇద్దరం తిరగడానికని కొన్న కారు. ఒక్కదాన్నే తిరిగాను.

అన్నట్టు, పక్క సీట్లో నా బ్యాగు పెడితే ఎవరో కూర్చున్నారనుకుని, బెల్టు పెట్టమని కారు ఒకటే కూత. బ్యాగు వెనక్కి పడేస్తే ఊరుకుంటుంది. నాకే పడెయ్యబుద్ధి కాలేదు.