కుడి రెప్పలో గడ్డ

1946 జూన్ 9, రేణిగుంట
కుడి కంటి పై రెప్పలో మళ్లీ గడ్డ. పోయిన నెల ఎర్రబడి, సలిపి, తగ్గిందనుకున్నది. ఇప్పుడు నొప్పి లేదు... శనగగింజలా గట్టిగా ఉండిపోయింది. ఇంజిన్లో బొగ్గు వేస్తూ తల ఎత్తితే సిగ్నలు దీపం చెదిరిపోతోంది. డ్రైవరు పనికి కంటి పరీక్ష వచ్చే నెలే. ఇన్నేళ్లు పార పట్టింది అందుకే కదా.

జూన్ 11
అమ్మ నామం సుద్ద అరగదీసి పూసింది. చల్లగా ఉంది, అంతే. బావమరిది తుమ్మముల్లు తెచ్చాడు, గుచ్చితే పోతుందని. మంగ ముల్లు లాక్కుని పారేసింది. వాళ్ల మేనమామ కన్ను అట్లాగే పోయిందట. పెళ్లయి ఇన్నాళ్లకు చెప్పింది నా భార్య.

జూన్ 14
తిరుపతి. కంటి డాక్టరు రెప్ప తిప్పి చూశాడు. మొదటిది వెంట్రుక మొదట్లో లేచిన చీముకురుపు, ఇది వేరట. రెప్పలో నూనె ఊరే సన్నటి గొట్టాలుంటాయి. ఒకటి పూడి, లోపల గడ్డకట్టి, కనుగుడ్డును నొక్కుతోంది.
"కన్ను పోయేది కాదప్పా. పిండొద్దు, గుచ్చొద్దు. వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, కాపడం పెట్టు, మెల్లగా రుద్దు. కరగకుంటే రెప్ప లోపలి పక్క చిన్న కోత కోస్తాము."
కన్ను పోయేది కాదు. రైల్లో దారి పొడుగునా అదే మాట.

జూన్ 20
రోజూ కాపడం. మంగ గుడ్డను తన చెంపకు ఆనించి చూశాకే నా కంటికి పెడుతుంది.

జూలై 2
మెత్తబడింది. కానీ పోలేదు.

జూలై 6
కోతే అన్నాడు డాక్టరు. అమ్మ కొండకు మొక్కుకుంది. మంగ పొద్దుటి నుంచి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది... మేనమామే మనసులో మెదులుతున్నాడేమో. సాయంత్రం తనే అంది: "నేనూ వస్తా. ఆడ్నే కూసుంటా."

జూలై 8
అయిపోయింది. మత్తు సూది ఒక్కటే నొప్పి. కుట్లు లేవు, కంటికి కట్టు. తిరుగు రైల్లో జనం చూస్తున్నా మంగ నా చెయ్యి వదల్లేదు.

జూలై 10
కట్టు విప్పాను. రెప్ప కమిలి ఉంది. చూపు తేటగా ఉంది!

జూలై 19
పరీక్ష. రంగులన్నీ చెప్పాను. అక్షరాలు పైనుంచి గడగడా... ఆఖరి వరుసలో ఒకటి రెండు తడబడ్డాను. రైల్వే డాక్టరు ఏదో రాసుకున్నాడు, కబురు పంపుతామన్నాడు. బయట మంగ.
"కనపడినాయా?"
కనపడినాయన్నాను. అన్నీనా అని అడగలేదు. ఆకలేస్తోందా అంది, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.