వాగుపక్క పొలానికి ఎనిమిదిన్నర మీటర్ల గేటు: ఎర్సిలియా ఎచెవెర్రి వీలునామా

ఉరుగ్వాయ్ దేశం, రియో నెగ్రో జిల్లా, పాసో దె లాస్ గార్సాస్‌లో నా సొంత ఇంట్లో ఉంటున్న నేను, ఎర్సిలియా ఎచెవెర్రి, వయస్సు ఎనభై ఒకటి, అవివాహిత, వ్యవసాయశాస్త్ర పట్టభద్రురాలిని, నోటరీ ఇనేస్ లార్రోసా గారి సమక్షంలో ఈ వీలునామా చెప్పి రాయిస్తున్నాను. నా మతి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. అంతకంటే గట్టి రుజువు ఇంకొకటి ఉంది. ఈ నెల రెండో తేదీన గేటు స్తంభాల గుంతలు మీటరున్నర లోతు ఉన్నాయని పనివాళ్ళు ముగ్గురూ ఒట్టేసి చెబితే, కర్ర దించి కొలిచి ఇరవై సెంటీమీటర్లు తక్కువని తేల్చింది నేనే. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు. చేయగలిగినవారు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు రెండూ రద్దు. ముఖ్యంగా 2011 నాటిది. అందులో నా తమ్ముడి కొడుకు ఏబెర్ ఎచెవెర్రి పేరు ఏడు చోట్ల ఉంది. నాకు సంతానం లేదు, తల్లిదండ్రులు లేరు. కనుక నా ఆస్తిని నాకు తోచినవారికి ఇచ్చే హక్కు చట్టం ప్రకారం నాకుంది. ఆ హక్కును పూర్తిగా వాడుకుంటున్నాను.

2. నూట నలభై హెక్టార్ల వాగుపక్క పొలం ఎవరికి చెందాలో చెప్పేముందు, ఎందుకు చెందాలో చెబుతాను. వీలునామాలో ఇది అనవసరమని నోటరీ గారు అన్నారు. అవసరమైన చోట నాలుగేళ్ళుగా వినేవాళ్ళు లేక, అనవసరమైన చోట చెబుతున్నాను.

ఆ పొలంలోకి దారి మా తాత కట్టిన రెండు రాతి స్తంభాల మధ్య నుంచి. వెడల్పు మూడు మీటర్ల అరవై. ఎడ్లబండికి అది రాజమార్గం. ఇప్పటి కోత మిషనుకు ముందుండే కోసే భాగం ఒక్కటే ఏడున్నర మీటర్లు. అందుకని మిషను యజమాని మారిసెల్ ఫ్రోస్ ఏటా రోడ్డు మీదే ఆ భాగం ఊడదీసి, ట్రాలీ మీద లోపలికి లాగి, మళ్ళీ బిగిస్తుంది. కోత అయ్యాక బయటికి రావడానికీ అదే తంతు. "అమ్మగారూ, ఊరందరి పొలాల్లో నా మిషను గోధుమ కోస్తుంది, మీ పొలంలో దాని తలే కోయించుకుంటుంది" అని ఆమె నవ్వుతుంది. 2019లో ఆ నవ్వు కూడా లేదు. బిగింపుకు పట్టిన ఆ పూటలోనే గాలివాన వచ్చి నలభై హెక్టార్ల పైరు నేలకు పరిచింది. వెడల్పు గేటు పెట్టించాలని మర్నాడే నిర్ణయించాను. నా పొరపాటల్లా ఆ పని ఏబెర్‌కు అప్పగించడం.

3. ఏబెర్ చేసిన పనులు వరసగా నమోదు చేస్తున్నాను; తరువాత ఎవరూ కాదనకూడదు.

మిషను వెడల్పు కొలవమంటే, తల ఊడదీసి షెడ్డులో పెట్టి ఉన్నప్పుడు వెళ్ళి కొలిచాడు. ఆ కొలతకు అయిదు మీటర్ల గేటు వచ్చింది. సరే, రాతి స్తంభాలకు పక్కగా కంచె తెరిచి అదీ నిలబెట్టాం. గేటు తిరిగే పై బందు ఊస కిందికి చూసేటట్టు తిప్పి బిగించమని, లేకపోతే గేటును ఎవరైనా ఎత్తి పక్కన పెట్టేయగలరని, కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ఏబెర్ రెండు ఊసలూ పైకే పెట్టించి, "అత్తా, ఇంత పెద్ద తాళంకప్ప కొన్నాను, ఇంక నిశ్చింతగా నిద్రపో" అన్నాడు. 2021 జూన్‌లో దొంగలు గేటును బందుల మీద నుంచి ఎత్తి గడ్డిలో పడేసి, దాని మీదుగానే లారీ తోలి, పదకొండు పెయ్యల్ని తీసుకుపోయారు. పోలీసాయన వచ్చి గొలుసు తిప్పితిప్పి చూసి, "మేడమ్, మీ తాళానికి మాత్రం ఏమీ కాలేదండీ" అన్నాడు. ఏబెర్ అంతకంటే పెద్ద తాళం కొనుక్కొచ్చాడు.

వంగిపోయిన గేటు పాత ఇనుముకు పోయింది. నిరుడు ఎనిమిదిన్నర మీటర్లకు, రెండు రెక్కలుగా, కొత్త గేటు చేయించమని మళ్ళీ చెప్పాను. ఇనుము రాలేదన్నాడు, వెల్డింగ్ షాపు సాంతిని గారికి నడుంనొప్పి అన్నాడు, వానలన్నాడు. ఈ ఆగస్టులో నేనే షాపుకు వెళ్ళి సాంతినిని నిలబెట్టి తిట్టాను. ఆయన చేతులు తుడుచుకుని, "నన్ను తిడితే ఏం లాభం అమ్మగారూ? పని ఆపమన్నది మీ ఏబెరే. చెట్లకంపెనీకి పోయే పొలానికి గేటెందుకులే అన్నాడు" అని చెప్పాడు.

ఏబెర్ కాదనలేదు. "కోప్పడకుండా ఆలోచించు అత్తా. నీ తరువాత అక్కడ దుక్కి దున్నేదెవరు? జామాయిల్ మొక్కలకు గేట్లూ తాళాలూ అక్కర్లేదు. వాళ్ళు మంచి మనుషులు, నీ ఆరోగ్యం కూడా అడుగుతుంటారు" అన్నాడు. నా ఆరోగ్యం వాళ్ళెందుకు అడుగుతున్నారో తెలుసుకునేపాటి చదువు నాకుంది.

4. అందుచేత పైన చెప్పిన వాగుపక్క పొలాన్ని, దాని కంచెలతో, నీటి హక్కుతో, నేను సొంతంగా చేయించిన కొత్త గేటుతో సహా మారిసెల్ ఫ్రోస్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆమెకు మిషను ఉంది, భూమి లేదు. ఏబెర్‌కు భూమి అంటే విలువ తెలుసు, పని తెలియదు. అక్కడ జామాయిల్ నాటకూడదని షరతు పెట్టబోతే, అది కోర్టులో నిలవకపోవచ్చని నోటరీ గారు హెచ్చరించారు. కనుక షరతుగా కాదు, నా మాటగా రాస్తున్నాను: మారిసెల్, ఆ నేల అడుగున్నర లోతు వరకు నల్లగా ఉంది. యాభై రెండేళ్ళు నేను తవ్వి చూశాను. దాన్ని పొలంగానే ఉండనివ్వు.

కొత్త గేటు రోడ్డుకు ఇరవై రెండు మీటర్లు లోపలికి ఉంది. ట్రాలీ తగిలించిన లారీ రోడ్డు మీద ఆగకుండా అక్కడ నిలబడుతుంది. చోటు దండగ అనేవాళ్ళను లెక్కచేయకు.

5. ఏబెర్‌కు నా పికప్ ట్రక్కు, 2021లో దొంగలు ముట్టని తాళంకప్ప, గొలుసు ఇస్తున్నాను. తాళం ఇంకా వేసే ఉంది. తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. మా ప్రాంతంలో బండి నడిపేవారి పక్కన కూర్చున్నవారు దిగి గేటు తీయడం ఆచారం. డెబ్బై ఎనిమిదేళ్ళ నేను బండి ఆపి, దిగి, గేటు తీసి, ఎక్కి, దాటించి, మళ్ళీ దిగి వేస్తుంటే, అతడు పక్క సీట్లో ఫోను చూసుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. 1963లో కాలేజీలో ఒక ప్రొఫెసరు తరగతి అందరి ముందూ, "అమ్మాయీ, పొలాల్లో నీకు గేట్లెవరు తీస్తారు?" అని అడిగి నవ్వించాడు. ఆయనకు జవాబుగా జీవితమంతా నా గేట్లు నేనే తీసుకున్నాను. కానీ సొంత తమ్ముడి కొడుకు ఆయన పక్షాన చేరతాడనుకోలేదు.

6. నా దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసిన ఎలాదియో తెచేరాకు అతడు ఉంటున్న ఇల్లు, చుట్టూ పది హెక్టార్లు, ఎర్ర గుర్రం, మాతే ఆకు కషాయం తాగే నా వెండి అంచు సొరబుర్ర ఇస్తున్నాను.

ఇక్కడ ఇంకొక సంగతి నమోదు కావాలి. 1987లో పశువుల లారీ వెనక్కి వస్తుండగా ఎలాదియో ఎడమ చెయ్యి లారీకీ రాతి స్తంభానికీ మధ్య నలిగి రెండు వేళ్ళు పోయాయి. ఆసుపత్రి మంచం మీద నుంచి అతడన్నది ఒకే మాట: "దారి కాస్త వెడల్పు చేయిద్దాం అమ్మగారూ." మా తాత కట్టిన స్తంభాలు కదపడానికి వీల్లేదన్నాను. డ్రైవరు సరిగ్గా నేర్చుకోవాలి అన్నాను. ఏబెర్ నాలుగేళ్ళు ఆలస్యం చేశాడు. నేను ముప్పై రెండేళ్ళు చేశాను. ఈ వీలునామాలో నేను ఎవరిని తిట్టినా ఈ పేరా చదివాకే నమ్మాలి. ఎలాదియో, ఇచ్చినవి పరిహారం కావు. దానికి తగినది నా దగ్గర లేదు.

7. నా వర్షపాతం పుస్తకాలు, మట్టి తీసే గొట్టం, కొలత టేపులు ఊరి బడికి. పిల్లల చేత వాడించాలి. అద్దాల బీరువాలో పెట్టకూడదు.

8. ఈ వీలునామా అమలు బాధ్యత పశువైద్యుడు దుయిలియో పెర్దోమోకు అప్పగిస్తున్నాను. తెరిచి ఉన్న గేటును తెరిచే ఉంచి, మూసి ఉన్నదాన్ని మళ్ళీ మూసి వెళ్ళే మనిషి అతడొక్కడే నాకు కనిపించాడు.

9. స్తంభాల చుట్టూ కాంక్రీటు ఈ నెల నాలుగో తేదీన పోశారు. ఇరవై ఎనిమిది రోజులు నిండితే గాని అది గేటు బరువు మోయదు. రెక్కలు తగిలించేది నవంబరు ఒకటిన. ఈలోగా నేను పోతే, చివరిసారి పొలం చూపించడానికి శవపేటిక కొత్త దారినే పోవాలని ముచ్చటపడి ఎవరూ గేటు ముందే తగిలించవద్దు. స్తంభాలకు బండి ఆనించవద్దు, గుర్రాన్ని కట్టవద్దు, ఊపి చూడవద్దు. నన్ను రాతి స్తంభాల మధ్య నుంచి తీసుకుపొండి. నాకు మూడు మీటర్ల అరవై చాలు. రోజూ ఉదయం ఒకరు వెళ్ళి కాంక్రీటు మీది గోనెలు తడపాలి. నాలుగేళ్ళుగా మీ అందరినీ తొందరపడమని అరిచాను. ఈ ఇరవై ఎనిమిది రోజులు మాత్రం ఆగండి.

2023 అక్టోబరు పదో తేదీ, మంగళవారం, పాసో దె లాస్ గార్సాస్‌లో, మొత్తం చదివించుకుని విని, రెండు చోట్ల కామాలు దిద్ది సంతకం చేశాను.

(సంతకం) ఎర్సిలియా ఎచెవెర్రి

సాక్షులు:
నెలీదా బెంతాంకూర్, బడి పంతులమ్మ
అతీలియో సువానెస్, మందుల షాపు
గ్రిసెల్దా మచాదో, తపాలా ఉద్యోగిని

నా ఎదుట: ఇనేస్ లార్రోసా, నోటరీ