విమానం ఎందుకు పడిందంటే

చిట్టీ,

నువ్వు చదవవని తెలుసు. అయినా చెల్లెలివి, నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? ఇవాళ నీ సంవత్సరీకం. కువైట్‌లో వంటపని మానేసి ఇంటికొస్తూ నువ్వెక్కిన విమానం సముద్రంలో ఎందుకు పడిందో ఇంకా తేలలేదు. భోజనాల దగ్గర అందరిదీ అదే మాట.

"పిడుగు పడిందండీ బాబూ," అన్నాడు నీ మరిది.

"మబ్బుల పైన పోయేదానికి పిడుగేంటయ్యా? బాంబు పేలుంటుంది," అన్నారు పెదబావగారు.

"తమరు పక్క సీట్లో కూర్చుని చూసేరు మరి! గారె చల్లారిపోతోంది, తినండి," అంది మన పెద్దక్కయ్య.

నాకైతే బాంబే అయ్యుంటే బాగుండుననిపించింది. నీకు తెలిసేలోపే అయిపోయి ఉంటుంది. ఇంజను ఆగిపోతే మాత్రం చాలాసేపు కిందికి జారుతుందట. లోపలివాళ్లకి అంతా తెలుస్తుందట. పంటు మీద గోదావరి దాటడానికే కళ్లు మూసుకుని నా కొంగు పట్టుకునేదానివి. అక్కడ ఎవరి కొంగు పట్టుకున్నావే?

ఇంతలో మీ ఆయన పేపరు పట్టుకొచ్చేడు.

"వదినగారూ, విమానంలో మాటలన్నీ పట్టే పెట్టె దొరికిందంటండి! ఇంక కారణం తేలిపోద్దండి, ఆయ్."

ఏడాదిగా నవ్వని మనిషి, మొహం కాస్త తేటపడింది. నేను వంటింట్లోకి వచ్చేశాను. అందులో మనుషుల కేకలు కూడా ఉంటాయేమో!

వాళ్లెవరికీ చెప్పలేదు. ఆ పెట్టె ఎప్పటికీ నోరు విప్పకూడదని వాడపల్లి వెంకన్నకి పసుపుగుడ్డలో ముడుపు కట్టాను.

నీ అక్క