నువ్వు అడిగిన సాక్ష్యం

సాన్ హసింతో, టెక్సస్
2019 మార్చి 6, విభూది బుధవారం

తమ్ముడు ఎవరిస్తోకి అక్క అంపారో దీవెనలు.

నేనిక్కడ బాగున్నాను. నువ్వు బాగాలేవని నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. నీ ఇంటికీ మా ఇంటికీ పదకొండు మైళ్ళు. పద్నాలుగు నెలలుగా ఆ పదకొండు మైళ్ళు రావడానికి నీకు తీరిక దొరకలేదు, ఫోను చేయడానికి మనసు రాలేదు. ఇప్పుడు మాత్రం రెండు పేజీలు రాశావు. పైన ప్రియమైన అక్కా అని కూడా పెట్టావు. చదివి నవ్వుకున్నాను, కోపం తెచ్చుకోకు. పొద్దున చర్చిలో ఫాదర్ నా నుదుటి మీద బూడిద పెట్టాడు. ఇంటికొచ్చి మొహం కూడా కడుక్కోకుండా రాయడానికి కూర్చున్నాను.

నీకు కావలసిందేమిటో అర్థమైంది. సరిహద్దు దళం వాళ్ళు ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. తీరా కాగితాలు తిరగేస్తే నీ జనన పత్రం మీద మంత్రసాని దోన్యా కూకా సంతకం కనిపించింది. ఏటికి అవతలి దేశంలో పుట్టిన పిల్లల్ని ఇవతల పుట్టారని రాసిచ్చినందుకు ముసలితనంలో జైలుకి పోయింది కదా ఆవిడ. అందుకని, నువ్వు నిజంగా టెక్సస్‌లోనే పుట్టావని కళ్ళారా చూసిన మనిషి చేత ప్రమాణం రాయించుకు రమ్మన్నారు. అమ్మ లేదు, నాన్న లేడు. అప్పటికి తొమ్మిదేళ్ళ దాన్ని, నేనొక్కదాన్నే మిగిలాను. సాక్ష్యం లేకపోతే ఉద్యోగం మాట అలా ఉంచి, అసలు నువ్వు ఈ దేశంవాడివే కాదంటారేమోనని నీ భయం. నిద్ర పట్టడం లేదని రాశావు. అయ్యో పాపం అనుకున్నాను.

నీ పని సంగతి చివర్లో చెప్తాను. ముందు మన మధ్య జరిగినవి కొన్ని మాట్లాడుకోవాలి. ఇన్నాళ్ళూ నీకు వినే తీరిక లేకపోయింది, ఇప్పుడు ఎలాగూ నా జవాబు కోసం ఎదురు చూస్తున్నావు కనక చివరిదాకా చదువుతావు.

బడి హాల్లో జరిగిన మీటింగు గుర్తుందా? దొంగతనంగా వచ్చినవాళ్ళు మన ఉద్యోగాలు లాక్కుంటున్నారా లేదా అని ఊరంతా జుట్లు పట్టుకున్న రోజు. నారింజ తోటలూ, పళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే మీ షెడ్డూ గల క్రెబ్స్ ముసలాయన లేచి, వీళ్ళని పంపించేస్తే నా కాయలు మీ అమ్మమ్మలొచ్చి కోస్తారా అన్నాడు. క్షౌరశాల ఒఫీలియా ఊరుకుంటుందా? మనుషులకిచ్చే జీతం ఇచ్చి చూడవయ్యా, మా అమ్మమ్మ సమాధిలోంచి లేచొచ్చి మరీ కోస్తుంది అంది. హాలంతా ఈలలు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఆవిడ మనవడు రెండేళ్ళుగా పని లేక మంచానికి అంటుకుపోయాడు. వెనక నుంచి ఎవడో వీళ్ళ పిల్లలతో బడి కిక్కిరిసిపోతోందన్నాడు. ఆ పిల్లలే లేకపోతే బడికి తాళం పడుతుందిరా, నీ కొడుక్కి చదువు నువ్వు చెప్తావా అని టీచరమ్మ వాడి మీదకి లేచింది.

అప్పుడు నువ్వు మైకు అందుకున్నావు. షెడ్డు మేస్త్రీవి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చావు. నా షెడ్డులోనే కాగితాల్లేనివాళ్ళు పదముగ్గురున్నారు, పేరుపేరునా నాకు తెలుసు, బంధువులైనా సరే మొహమాటపడేది లేదు అన్నావు. ఊరు లేచి నిలబడింది. మీ బావ నికనోర్ నా పక్కనే కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ కింద ఏరు దాటి వచ్చిన మనిషి. నా పేరు మీద కాగితాలు పెట్టుకుందామని వెళ్తే, ముందు దేశం విడిచిపోయి పదేళ్ళు బయట ఉండి రమ్మన్నారు. పదేళ్ళు నన్ను వదిలి ఉండలేక, ఆ కాగితాలే వదిలేసుకున్నాడు. ఆ పదముగ్గురిలో తానొకడని తెలిసి కూడా అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టింది ఆయనే. బావమరిది నలుగురిలో మాట్లాడుతుంటే చేతులు ముడుచుకు కూర్చుంటే ఏం బాగుంటుందని తర్వాత కారులో అన్నాడు. ఇల్లు చేరేదాకా ఆయన్ని తిడుతూనే ఉన్నాను.

పది రోజులకి అధికారులు వచ్చారు. జాబితా వాళ్ళకిచ్చింది నువ్వే. వాళ్ళు అదే నీ చేతికి తిరిగిచ్చి చదవమన్నారట. నికనోర్ పేరు రెండు ఇంటిపేర్లతో సహా, ఒక్క అక్షరం తప్పు పోకుండా చదివావట. ఆయన గ్లౌజులు విప్పి, మడతపెట్టి, నీ బల్ల మీద పెట్టి వెళ్ళాడట. చేతిలో బరువు చూసి లోపల ఎండిపోయిన కాయని పక్కకి తీసేయడం నీకు నేర్పింది ఆ చేతులే. నువ్వు షెడ్డులో చేరిన కొత్తల్లో మేస్త్రీ తిడతాడేమోనని నీ వంతు పెట్టెలు కూడా తనే నింపేవాడు.

ఆరు వారాలు లోపల ఉంచారు. చక్కెర జబ్బు మాత్రలు అడిగితే రేపిస్తాం అన్నారు, ఆ రేపు రాలేదు. పాదం మీద పుండు లేచింది. అలాగే తీసుకెళ్ళి వంతెన అవతల దింపేశారు. అవతలి గట్టునున్న రేనోసా ఆసుపత్రిలో కుడి పాదం తీసేశారు. ఇప్పుడు ఒక్క గదిలో, కిటికీ దగ్గర కుర్చీలో ఉంటున్నాడు. ఆదివారం ఆదివారం చిక్కుళ్ళూ రొట్టెలూ కట్టుకుని వంతెన దాటి వెళ్తున్నాను. వెళ్ళగానే మొట్టమొదట నీ సంగతే అడుగుతాడు. బాగా ఒళ్ళు చేశాడని చెప్తాను.

ఇంతకీ ఆ పదమూడు ఉద్యోగాలు ఏమయ్యాయి? నువ్వు రాయలేదు గాని ఊరందరికీ తెలుసు. ఒఫీలియా మనవడు రెండో రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి ఇంతవరకూ తిరిగి రాలేదు. ఇద్దరు వారం ఉన్నారు, ఒకమ్మాయి నెల ఉంది. క్రెబ్స్ విసిగిపోయి పళ్ళు ఏరే మిషను తెప్పించాడు. దానికి జ్వరం రాదు, జీతం పెంచమనదు, మేస్త్రీ కూడా అక్కర్లేదు. నీ చేత కేకు కోయించి మరీ పంపించేశారని విన్నాను. ఒఫీలియాకి మాత్రం పట్టుదల తగ్గలేదు. ఆ మిషను ఏ దేశం నుంచి ఊడిపడిందో దాని కాగితాలు కూడా చూడండి అని జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ప్రతివాడితో అంటోందట. ఇన్ని నెలల్లో నన్ను నవ్వించింది ఆవిడొక్కతే.

ఇక నీ పని. ఉత్తరం అందిన మర్నాడే, అంటే శనివారం, బ్యాంకు పక్కన నోటరీ దగ్గరికి వెళ్ళాను. అమ్మ బైబిలు కూడా పట్టుకెళ్ళాను. మీ తమ్ముడంటే మీకెంత ప్రేమండీ, అడిగిన వెంటనే వచ్చేశారు అంది ఆ నోటరీ పిల్ల. అమ్మ పొలం పనికి పోతే పెంచింది నేనే కదమ్మా అన్నాను. బైబిలు మీద చెయ్యి పెట్టి చూసింది చూసినట్టు చెప్పాను. నువ్వు పుట్టిన వంటగది గోడ రంగుతో సహా రాయించాను. చదివి వినిపించింది, సంతకం పెట్టాను, ముద్ర వేసింది. ఆ కాగితం ఈ కవర్లోనే పెడుతున్నాను. నువ్వడిగింది కళ్ళారా చూసిన సాక్ష్యం, అదే ఇచ్చాను.

నీ మీద నాకు ప్రేమ పోయిందనుకోకు. పోతే హాయిగా ఉండేది. నీకు కోరింత దగ్గు వచ్చినప్పుడు భుజాన వేసుకుని తెల్లారేదాకా తిరిగినదాన్ని. ఆ పిల్లాడే నా మొగుడి పేరు చదివాడని తలుచుకుంటే కడుపు మండిపోతోంది. నిన్ను పరాయివాడివి అనుకోగలిగితే ఇంత పని చేసేదాన్ని కాదేమో.

ఆరోగ్యం చూసుకో. మీ ఆవిడని అడిగానని చెప్పు.

నిన్ను పెంచిన అక్క,
అంపారో

తా.క.: కాగితంలో ఏముందో ఇక్కడే చెప్పేస్తాను, విప్పి చదువుకునే శ్రమ నీకెందుకు. నువ్వు పుట్టింది రేనోసాలో, పెద్దమ్మ వంటగదిలో, ఆకుపచ్చ గోడల మధ్య. నాలుగో రోజున నిన్ను శాలువాలో చుట్టి వంతెన దాటించింది నేనే. అమ్మకి నీరసం, నిన్ను ఎత్తుకోలేకపోయింది. నేను ఇవతల ఆసుపత్రిలో పుట్టినదాన్ని కనక నన్నెవరూ ఏమీ అడగలేదు, మా తమ్ముడు అంటే గార్డు నీ బుగ్గ గిల్లి పంపించాడు. దోన్యా కూకా ఈ గట్టున జనన పత్రం పట్టుకుని సిద్ధంగా ఉంది. ఎవరికీ చెప్పనని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నలభై ఆరేళ్ళు నిలబెట్టుకున్నాను. నీకు పంపుతున్నది నకలు. అసలు కాగితం మొన్న సోమవారం ఉదయమే ఆ సరిహద్దు దళం ఆఫీసుకి పోస్టు చేసేశాను. నికనోర్‌కి ఇంకా చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే నన్ను ఆపేవాడు.